బస్తాల ఉయ్యాల మీద నేను

1

వార్డులో చేరినవాళ్ళు రోజూ ఏదో ఒకటి రాయాలట. పలక మీద "ఎలా ఉన్నారు?" అన్న ప్రశ్న కింద వేలెడు జాగా ఇచ్చారు. మిగతావాళ్ళు అందులో "పరవాలేదు" అని గీకి కళ్ళు మూసుకుంటున్నారు. నాకు వేలెడు చాలదు. డాక్టర్ తస్లీమాను అడిగితే, "ఎంతైనా రాసుకో, చదవాల్సిన ఖర్మ నాదే కదా" అంది.

సరే అయితే. పేరు హైమావతి. ఫిజిక్స్‌లో డిగ్రీ. శనిగ్రహం దాకా పోయే సర్వే నావకి దరఖాస్తు పెట్టి, పిలుపు వచ్చేలోగా ఊరికే ఉండలేక రేవులో బస్తాలు తూచే పనిలో చేరాను. పిలుపు రాలేదు. లుకేమియా వచ్చింది.

మా ఊరు గోస్తని, ఆకాశంలో తిరిగే చక్రం. అంచును పట్టా అంటాం, నడిమి భాగాన్ని కుండ అంటాం, రెంటినీ కలిపే పొడుగాటి గొట్టాలను ఆకులంటాం. ఎడ్లబండి చక్రంలో భాగాలకు అవే పేర్లట. ఎద్దును గానీ బండిని గానీ చూసినవాడు మా ఊళ్ళో ఒక్కడూ లేడు. పట్టా మీద చక్రం తిరుగుడుకి అందరికీ బరువుంటుంది. ఇళ్ళూ మళ్ళూ బడులూ అక్కడే. కుండలో బరువుండదు. అక్కడ రేవూ, ఈ వార్డూ ఉంటాయి. జబ్బు మనిషి మీద బరువు పెట్టకూడదన్నది మా ఊరి మర్యాద. నొప్పులున్న ఒళ్ళు పరుపుకి కూడా ఆనకుండా గాలిలో తేలుతూ ఉండాలి.

పైకి, అంటే కుండలోకి, వచ్చేటప్పుడు కింద ఆకు గుమ్మంలో చెప్పులు విప్పాలి. ఇంటివాళ్ళు వాటిని పట్టుకెళ్ళి గడప లోపల, మొన లోపలికి తిప్పి పెడతారు. మనిషికి నయమయ్యాక అవే చెప్పులు తెచ్చి, కిందికి దింపుకుని తొడుగుతారు. మధ్యలో దించరు. చెప్పులు దాచిన ఇంటివాళ్ళ మాట కాదని డాక్టర్లు కూడా దించరు.

మా అమ్మ అప్పలనరసమ్మ నా చెప్పులు చంకలో పెట్టుకుని, "ఎనక్కి సూడకు. సక్కా ఎల్లిపో" అంది. నేను చూశాను. కళ్ళు తుడుచుకుంటూ దొరికిపోయింది.

2

నా రకం లుకేమియా మంచిదట. అంటే, వచ్చినవాటిలో మంచిది. డాక్టర్ తస్లీమా పక్క చక్రం నుంచి వచ్చిన మనిషి, మాట నెమ్మది. తలకిందులుగా తేలుతూ వివరించింది. ఇక్కడ ఎవరు తలకిందులో చెప్పడం కష్టం, నేనే అయి ఉండొచ్చు.

"నీ మూలుగలో తెల్లకణాలు ఎదగడం మానేశాయి. కుర్ర కణాలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. ఈ మాత్రలు వాటిని చంపవు, ఎదిగేలా చేస్తాయి. ఎదిగితే ఆయుష్షు తీరి వాటంతట అవే పోతాయి. పంపు మందు దానికి తోడు."

"అన్నీ ఒక్కసారే చదువు పూర్తి చేసుకుంటే ఎక్కడికి పోతాయి డాక్టర్? ఉద్యోగాలున్నాయా వాటికి?"

నవ్వింది గానీ పూర్తిగా నవ్వలేదు. "అదే చిక్కు. కొన్నిసార్లు మూలుగలోంచి బయటపడి ఊపిరితిత్తుల్లోకి దూరతాయి. ఊపిరితిత్తుల చుట్టూ, గుండె చుట్టూ పల్చటి సంచులుంటాయి. వాటిలోకి నీరు దిగుతుంది. జ్వరం, ఆయాసం, కాళ్ళవాపు, బరువు పెరగడం, ఇవీ గుర్తులు. ఏది కనబడినా వెంటనే చెప్పు."

అప్పుడు ఇద్దరమూ తలూపాం. ఆ మాటలు భూమ్మీద రాసిన పుస్తకంలోవని ఇద్దరికీ తట్టలేదు.

సాయంత్రం అమ్మ వచ్చింది. పంపులో పోసే మందు పేరు అడిగింది. ఆర్సెనిక్, పూర్వం పాషాణం అనేవారట అన్నాను.

"పాషాణమా! ఎలకలకి పెట్టేదా?"

"మన ఊళ్ళో ఎలకలెక్కడున్నాయే?"

"అదే సెప్తన్నాను. పెట్టీసినారు కాబట్టే నేవు."

3

నిజం చెప్పొద్దూ, ఇక్కడ బాగుంది. పెదాలు ఎండుతున్నాయి, మాత్ర వేసుకున్న పూట తల పగులుతోంది. అయినా ఎముకల్లో సలుపు తగ్గింది. కిటికీలోంచి చూస్తే పట్టా మీది వరిమళ్ళు పచ్చటి గాజులా తిరుగుతుంటాయి. చిన్నప్పటి నుంచి ఆ మళ్ళల్లో మోకాలిలోతు దిగి తిరిగాను గానీ అవి గుండ్రంగా ఉంటాయని ఒంటికి తెలియలేదు.

అమ్మ సంచిలో చారు తెచ్చింది. మూతి సరిగ్గా బిగించలేదేమో, గోలీ అంత చారు ముద్ద బయటికొచ్చి గాల్లో వణుకుతూ నిలబడింది. నా చెంచా అందించాను. చారు దాన్ని పట్టుకుని, పిడి దాకా పాకి, చుట్టూ పల్చగా తొడుగులా అంటుకుంది. విదిలించినా రాలలేదు. చెంచా చొక్కా వేసుకున్నట్టుంది. నాకు నవ్వాగలేదు.

"తిండితో ఆటలేటే? డిగ్రీ సదివినావు" అంది అమ్మ.

"డిగ్రీ చదివితేనే ఇలా ఆడటం తెలుస్తుందమ్మా."

రేవులో నాతో పనిచేసే చంద్రకళ కూడా వచ్చింది. గుమ్మంలో కమ్మీ పట్టుకుని ఆగి, నన్ను ఎగాదిగా చూసి, "ఒలే హైమా, మొకమేటే పూరీలా పొంగిపోనాది! కాళ్ళు సూస్తే కొంగ కాళ్ళు" అంది.

కుండలో అందరికీ అంతే. బరువు లేక ఒంట్లో నీరంతా మొహానికి ఎక్కుతుంది, కాళ్ళు సన్నబడతాయి. వార్డులో అందరివీ పూరీ మొహాలే.

4

నా మంచం సంచి నుంచి కిటికీ దాకా ఒక్క తోపు దూరం. గోడను కాలితో తన్ని వదిలేస్తే చాలు, చేరుకుంటాం. వచ్చిన కొత్తల్లో తన్ని, ఒక పాట పల్లవి ఎత్తుకునేదాన్ని. పల్లవి అయ్యేసరికి కిటికీ కమ్మీ చేతికి దొరికేది. ఇప్పుడు పల్లవి అయిపోయి, చరణంలో రెండు ముక్కలు పాడినా కమ్మీ ఇంకా అక్కడే ఉంటోంది.

నీరసం కాబోలు. సరిగ్గా తన్నలేకపోతున్నాను.

గట్టిగా గాలి పీలిస్తే ఛాతీ ఎడమవైపు పోటు. ముందుకు ముడుచుకుంటే కొంచెం నయంగా ఉంటోంది. ముడుచుకునే ఉంటున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. తేలే మనుషులందరూ నిద్రలో ముడుచుకునే ఉంటారు కదా.

5

కొద్దిగా జ్వరం. చరణం మొత్తం పాడలేకపోయాను, ఊపిరి చాలలేదు. పాట మధ్యలో ఆగిపోవడం నాకు జ్వరం కన్నా ఎక్కువ చిరాకు.

డాక్టర్ తస్లీమా స్కాన్ పెట్టి చూసింది. ఊపిరితిత్తి చుట్టూ సన్నటి నల్లగీత. గుండె చుట్టూ ఇంకొకటి.

"ఈ గీతలు కుండలో నాలుగు రోజులున్న ప్రతివాళ్ళకీ ఉంటాయి. నీరు చేరితే అడుగున మడుగులా కనబడాలి. మడుగు లేదు. జలుబేమో చూద్దాం."

"అడుగంటే ఏ వైపు డాక్టర్?"

ఆమె స్కాన్ కర్ర పట్టుకుని ఆగింది. నేను ఆగలేదు. పొద్దుటి నుంచీ బుర్రలో తిరుగుతున్నదంతా వాగేశాను. చెంచా మీద చారుకి అడుగు లేదు. చుట్టూ పల్చగా, కొంచెమే అనిపించేట్టు ఉంటుంది. కాళ్ళు వాస్తాయన్నారు, ఇక్కడ ఎవరి కాళ్ళూ వాయవు. మొహం పొంగితే ఎవరూ పట్టించుకోరు. ముడుచుకుంటే నిద్రపోతోందనుకుంటారు. బరువు పెరుగుతుందన్నారు, ఇక్కడ బరువే లేదు.

"మీరు చెప్పిన గుర్తుల్లో సగం ఈ కుండలో ఎవరికీ కనబడవు" అన్నాను. ఆయాసంతో ఆ మాటకే మూడుసార్లు ఆగాల్సి వచ్చింది.

"నీరసం వల్ల కూడా ఇలా ఉండొచ్చు హైమా."

"ఉండొచ్చు. నీరసమో నీరో తేల్చడానికి ఒక దారి ఉంది. బరువు లేని చోట తూచడమే కదా నా ఉద్యోగం."

6

రేవు ఈ వార్డుకి రెండు గుమ్మాల అవతల. అక్కడ జంట ఉయ్యాలలుంటాయి. ఉయ్యాలంటే స్ప్రింగుకి బిగించిన పలక. బస్తాను కట్టి, లాగి వదిలితే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. తేలిక బస్తా గబగబా ఊగుతుంది, బరువు బస్తా బద్ధకంగా ఊగుతుంది. పక్క పలక మీద నికరమైన, అంటే తూకం సరిగ్గా ఉన్న, బస్తా కట్టి రెంటినీ ఒకేసారి వదిలితే, జత తప్పిన బస్తాలో ఎక్కువో తక్కువో ఉన్నట్టు. మనిషి నీరసపడ్డా స్ప్రింగు నీరసపడదు.

పనిలేని పూట మేమే ఎక్కి ఊగేవాళ్ళం. నేనూ ఉప్పుడు బియ్యం బస్తా ఎప్పుడూ సరిజోడు. అందుకే చంద్రకళ నన్ను రేవంతా "ఉప్పుడు బస్తా" అని పిలిచేది. ఏడిపించడానికి పెట్టిన పేరు ఇవాళ పనికొచ్చింది.

డాక్టర్ తస్లీమా పక్కనుండగా నన్ను ఒక పలకకి కట్టారు, ఉప్పుడు బియ్యం బస్తాను రెండో దానికి. చంద్రకళ రెంటినీ లాగి వదిలింది. మొదట ఇద్దరమూ కలిసే వెళ్ళాం. కాసేపటికి బస్తా నన్ను దాటింది. ఇంకాసేపటికి అది వస్తుంటే నేను వెళ్తున్నాను.

"కదలకుండా ఉండే" అంది చంద్రకళ.

"నేను కదలట్లేదు. స్ప్రింగే."

ఆపి, బస్తాకి ఒక్కొక్కటే లీటరు నీళ్ళ సంచి కట్టుకుంటూ పోయింది. కట్టడం, వదలడం, చూడటం. అయిదు కట్టినా నేనే వెనక. ఏడు కట్టాక ఇద్దరమూ జతగా ఊగాం, పాత రోజుల్లోలాగే, భుజం భుజం కలిపి.

బస్తా చుట్టూ ఆ సంచులు మెల్లగా వణుకుతున్నాయి. అన్ని నీళ్ళూ నాలోనూ ఉన్నాయి.

"బాగా తింటన్నాదేమో డాక్టరమ్మా" అంది చంద్రకళ, ఆశగా.

"వారం రోజులుగా తిన్నది నాలుగు ముద్దలు" అంది డాక్టర్ తస్లీమా. అప్పటికే నా కట్లు విప్పుతోంది. "ఇన్నేళ్ళలో ఇంతమందిని తేల్చాం. ఒక్కరినీ తూచలేదు."

ఆ పూటే మాత్రలు ఆపింది, స్టెరాయిడ్ ఎక్కించింది. గుండెను ఒక్క వైపు నుంచి కాకుండా చుట్టూ తిప్పి స్కాన్ చేసింది. గీత ఎక్కడా లావు లేదు, ఎక్కడా తెగలేదు. అన్ని వైపుల నుంచీ గుండెను పిడికిట్లో పట్టుకున్నట్టు ఉంది. అది నిండా తెరుచుకోలేకపోతోంది.

నాకు భయం వేసింది. లెక్క సరిపోయినందుకు సంతోషం కూడా వేసింది. రెండూ ఒకేసారి వస్తాయని ఇప్పుడే తెలిసింది.

7

స్టెరాయిడ్‌తో జ్వరం దిగింది, పోటు తగ్గింది. ఊపిరి మాత్రం అలాగే ఉంది. బీపీ జారుతోంది. గుండె చుట్టూ ఉన్న సంచిలోంచి నీరు తీయాలి. ఇక్కడ తీస్తే గుండెకీ సూదికీ మధ్య చారు పొరంత జాగానే ఉంటుంది. పట్టా మీదికి దించి కూర్చోబెడితే బరువుకి నీరు అడుక్కి చేరుతుంది, సూదికి చోటిస్తుంది.

అమ్మని పిలిపించారు.

"దింపడమా? మీ మేనత్తని అలాగే మద్దెలో దింపినారు. మళ్ళీ లెగలేదు. నానే కదా అప్పుడు సెప్పులు తెచ్చినది. నా సేతులతోనే తొడిగినాను."

మేనత్తకి ఏం జబ్బో నాకు తెలియదు. అమ్మ ఆ చెప్పుల సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

"అత్త సంగతి వేరమ్మా."

"బరువు బరువే. నానివ్వను."

నేను వాదించే స్థితిలో లేను, రెండు మాటలకొకసారి ఆగుతున్నాను. అమ్మ తెచ్చిన చారు సంచి పక్కనే తేలుతోంది. మూత విప్పి ఒక ముద్ద వదిలి, చెంచా అందించాను. చారు పాకి తొడుక్కుంది.

"ఇది నా గుండె. చారు తగలాలి, చెంచా తగలకూడదు. ఎక్కడ గుచ్చుతావో గుచ్చు."

అమ్మ తలపిన్ను తీసింది. నిజంగా ప్రయత్నించింది. ఈ వైపు, ఆ వైపు, కింద నుంచి. ప్రతిసారీ టక్కుమని చెంచాకే తగిలింది.

"మరి కిందనయితే?"

"కింద నువ్వు చారు గిన్నెలో పోస్తావు కదా. ఎక్కడుంటుంది?"

అమ్మ పిన్ను జుట్టులో గుచ్చుకుంది. నా నుదురు చేత్తో తడిమి, ఆకు గుమ్మం వైపు తేలుతూ వెళ్ళిపోయింది.

"కోపం వచ్చిందా?" అంది డాక్టర్ తస్లీమా.

"మా అమ్మకి కోపం వస్తే వినబడుతుంది డాక్టర్. ఇది వేరే ఏదో."

గుమ్మం కేసి చూస్తూ ఇది రాస్తున్నాను. చదవాల్సిన ఖర్మ ఉన్నావిడ పక్కనే తేలుతూ నా నాడి పట్టుకుని ఉంది.

8

అమ్మ చెప్పులతో వచ్చింది. కడిగి, తుడిచి తెచ్చింది. తడి ఇంకా ఆరలేదు.

"నయమయిందని కాదు. ఒట్టి సూదికే" అని గుమ్మానికి గట్టిగా చెప్పింది, వినాల్సినవాళ్ళెవరో అక్కడున్నట్టు.

ఆకు లిఫ్టులో దిగుతుంటే బరువు ముందు చెంపల్లోకి వచ్చింది, తర్వాత భుజాల్లోకి. నేను నా మీదే కూర్చున్నట్టుంది. ఊపిరి కోసం లిఫ్టు గోడ పట్టుకుని ముందుకు వంగాను. కొంగ కాళ్ళు నా కళ్ళముందే నిండుతూ వచ్చాయి. పట్టా చేరేసరికి చీలమండలు మాయమయ్యాయి. అమ్మ వంగి చెప్పు తొడగబోయింది. వేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"ఇయి నీవేనా?"

"చెప్పులు నావే. కాళ్ళే ఎవరివో."

అమ్మ నా పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, పూడలేదు. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేనిది అక్కడ, పాదం మీద, కనబడుతోంది.

"డాక్టరమ్మా, బేగి కానీండి" అంది.

ముందు గుండె. నన్ను ఏటవాలుగా కూర్చోబెట్టారు. డాక్టర్ తస్లీమా తెర నావైపు తిప్పింది, నేను అడక్కముందే. గీత కరిగి అడుగున నల్లటి మడుగైంది, అచ్చం పుస్తకంలోలాగా. దాని పైన గుండె పాపం అవస్థ పడుతూ కొట్టుకుంటోంది.

"చోటుంది" అందామె. "కదలకు."

రొమ్ముటెముక కింద మత్తు, నొక్కు. గొట్టంలోకి ఎర్రటి నీరు దిగింది. కొద్దిగా దిగగానే చెవుల్లో హోరు ఆగింది. ఎవరో పిడికిలి విప్పారు. తర్వాత దిండు మీదికి వంగబెట్టి వీపు నుంచి ఊపిరితిత్తి చుట్టూ ఉన్నది తీశారు, అది గడ్డి రంగులో ఉంది. దగ్గు తెర వచ్చింది. అది ఆగాక గాలి పీల్చాను, అది లోపలికి పోతూనే ఉంది. అంత చోటు నాలో ఉందని మరిచిపోయాను.

గుమ్మంలోంచి చంద్రకళ తల పెట్టింది. "సంచులు ఖాళీ అయినాయా? రేవులో ఏడు సంచులు బాకీ ఉన్నావు."

"కొన్ని ఇవాళ, మిగతావి స్టెరాయిడ్ చేతికిచ్చి పంపిస్తాను" అన్నాను, ఒకే ఊపిరిలో. అమ్మ అప్పుడు ఏడ్చింది. ఈసారి దాచుకోలేదు.

9

మళ్ళీ కుండ. మాత్రలు మళ్ళీ మొదలు, ఈసారి కొద్దికొద్దిగా. చదువు పూర్తి చేసుకున్న కణాలు ఒకదాని తర్వాత ఒకటి మర్యాదగా వెళ్ళిపోతున్నాయట.

రేవు నుంచి పాత జంట ఉయ్యాల ఒకటి వార్డుకి వచ్చింది. చేరిన రోజే ప్రతి మనిషికీ ఒక బస్తాను జోడీ కుదురుస్తున్నాం. పొద్దున్నే దానితో కలిసి ఊగాలి. బిగించడం, చూడటం నా పని. వార్డు అంతా ఒకటే గొడవ. గవిరయ్య తాతకి తుంటి విరిగింది, జోడీ వేరుశనగ బస్తా కుదిరింది.

"నా పరువు తీసీసినావు. బెల్లం బస్తా ఇవ్వు."

"బెల్లమంటే ఇంకో పదిహేను కిలోలు తినాలి తాతా."

"తింతాను. పెట్టమను."

డాక్టర్ తస్లీమా తన పుస్తకంలో కాళ్ళవాపు అన్నచోట "కుండలో వెతక్కండి" అనీ, బరువు అన్నచోట "ఉయ్యాల" అనీ చేర్చింది. నా పేరు రాస్తానంది. ఉప్పుడు బస్తా పేరు రాయమన్నాను.

సర్వే నావ నుంచి ఇంకా పిలుపు రాలేదు. ఆ నావలో కూడా బరువుండదు. అందులో జబ్బుపడినవాళ్ళని ఎలా తూస్తారో అడుగుతూ ఇంకో ఉత్తరం పెట్టాను. జవాబు చెప్పలేక పిలుస్తారేమో.

10

మూలుగ పరీక్ష ఫలితం వచ్చింది. కుర్ర కణాలు కనబడలేదు. ఇంకా కొన్ని విడతల మందుంది, మళ్ళీ పైకి రావాలి. కానీ ఇవాళ దిగొచ్చు.

ఆకు గుమ్మంలో అమ్మ చెప్పులతో ఎదురుచూస్తోంది. లిఫ్టు దిగేదాకా ఇద్దరమూ నా పాదాల కేసే చూశాం. చీలమండలు ఎక్కడికీ పోలేదు. పట్టా మీద అమ్మ వంగి చెప్పు ముందుకు తోసింది. వేళ్ళు, పాదం, మడమ. లోపలికి పోయింది. వేలు పెట్టి చూసింది, వెనక ఇంకా చోటుంది.

"వదులైపోనాయి" అంది, ఫిర్యాదులా.

"చారన్నం పెట్టు, సరిపోతాయి."

"గిన్నెలో పోస్తాను. గాలిలో వొగ్గీడానికి కాదు."

చెప్పులతో నాలుగడుగులు వేశాను. ఒక్కొక్క అడుగూ నేలకి తగిలి చప్పుడు చేసింది. కిటికీ దాకా పాడుకునే ఆ పాట ఎత్తుకుంటే ఇంటి మలుపు వచ్చేసరికి చరణం కూడా పూర్తయింది.

పలక తెచ్చుకున్నాను, ఇంటి దగ్గర కూడా రాయాలట. ప్రశ్న అదే, జాగా అదే వేలెడు. ఇవాళ్టికి అది చాలు: నికరం, ఉప్పుడు బస్తాతో సరిజోడు.